సుజాత కుండీ

"అమ్మమ్మా, ఫ్రంట్ డోర్‌కి ఆ టేప్ ఎందుకు వేశావ్?"

అమ్మయ్య, అడిగేవా! కిందకి దిగొచ్చి ఒక మాట అడిగేవు, అదే పదివేలు నాకు. కూచో. కాఫీ చల్లారితే మళ్ళీ వేడి చేస్తాను, ముందు కూచో నువ్వు.

టేపా? నేనే వేయించేను కార్తీక్ చేత. నవ్వేడులే మీ ఆయన, అయినా వేసేడు. ఎంచేతంటే ఆ తలుపు మీద పోర్చ్ లైటు లేదూ, దాని మీద రాబిన్ పిట్ట గూడు కట్టిందమ్మా. గుడ్లు కూడా పెట్టేసింది. తలుపు ధడేల్మని తీసినప్పుడల్లా అది ఎగిరిపోయి ఎదురింటి మేపుల్ చెట్టెక్కి గోల పెడుతోంది. ఇక కొన్నాళ్ళు అందరం గరాజ్‌లోంచి తిరుగుదాం, కాళ్ళేం అరిగిపోవు అన్నాను. పార్సిళ్ళు కూడా గరాజ్ దగ్గరే పెట్టమని బోర్డు రాయించేను. మొన్న స్వీట్లు పట్టుకుని వచ్చిందే ఆ ఆంటీ, ఆవిడా గరాజ్‌లోంచే వచ్చింది. వచ్చి ఏవంది? "చిన్నవాళ్ళు, మళ్ళీ ట్రై చేస్తారు లెండి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సాంబారు మాడిపోతోందండీ అని లేచొచ్చేసేను. పొయ్యి మీద సాంబారు లేదు, ఏమీ లేదు.

సరే, ఆవిడ గొడవెందుకు. పిట్ట సంగతి కదా. పిట్ట గుడ్లు పెట్టిన చోటు కదపకూడదు. ఇది నా మాట కాదు, మా అత్త మాట. మా అత్తంటే వెంకాయమ్మ, మీ తాతయ్య వాళ్ళమ్మ. నువ్వు చూళ్ళేదు. మీ అమ్మకి బాగా తెలుసు, మీ అమ్మని పెంచిందే ఆవిడ.

మా ఊరు కడియం పక్కన కదా. ఊరంతా మొక్కల తోటలే. ఇప్పుడు నర్సరీలంటున్నారు, అప్పుడు తోట అనే అనేవాళ్ళం. ఇంటి గుమ్మం దిగితే కుండీలు. క్రోటన్లు, మల్లెలు, మందారాలు, అంటుమామిడి, సపోటా. క్రోటన్ కుండీ అర్ధరూపాయి ఉండేది, మరీ ముచ్చటగా ఉంటే ముప్పావలా. మొన్న మీ అమ్మ ఇక్కడ ఓక్‌విల్‌లో ఒక క్రోటన్ కొంది చూడు, నాలుగాకులు లేవు దానికి, ఎంతమ్మా అంటే నాకు చెప్పకుండా బిల్లు పర్సులో పెట్టేసుకుంది!

ఆ క్రోటన్లలో కట్టేవి పిగిలిపిట్టలు. పిగిలిపిట్ట తెలీదు కదూ నీకు? ఫోన్లో కొట్టకు, నేను చెప్తాను కదా. బుల్‌బుల్ అని ఉంటుందిలే ఫోన్లో. ఈ రాబిన్‌కి పొట్టంతా ఎరుపు చూసేవా, దీనికి అలా కాదు. తలంతా నల్లగా, కాటుక పూసినట్టు ఉంటుంది. నెత్తి మీద చిన్న జుట్టు. మామూలుగా ఉన్నప్పుడు అణిగి ఉంటుంది, భయం వేసినా కోపం వచ్చినా నిక్కపొడుచుకుంటుంది. ఒళ్ళేమో గోధుమరంగు, దాని మీద చేప పొలుసుల్లాగ గీతలు. తోక నలుపు, చివర తెల్లగా. ఆ తోక కింద మాత్రం, ఒక్క అక్కడే, ఎర్రగా ఉంటుంది. కుంకం అద్దినట్టు. కూచున్నప్పుడు కనపడదు, తోక ఎత్తితే కనపడుతుంది. మాతో పనిచేసే ఆడవాళ్ళు మోటుగా ఏదో అనేవారులే దాన్ని, నీకెందుకు.

ఏది ఆడదో ఏది మగదో తెలీదు. రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఎప్పుడూ జంటగానే. ఒకటి గూట్లో కూచుంటే ఒకటి పక్కకొమ్మ మీద కాపలా. దొండపండు పండితే ముందు వీటికే తెలిసేది. జాంపండు సగం తినేసి మిగతా సగం మనకి వదిలేవి, దయతలచి. పామొచ్చిందనుకో, ఇవి అరిచే అరుపు వేరు. మా మావ ఆ అరుపు వింటే కర్ర పట్టుకునే బయటికొచ్చేవాడు. అంత నమ్మకం.

వీటికి తెలివితక్కువ ఏంటంటే, గూడు ఎత్తుగా కట్టవు. మనిషి నడుం ఎత్తున, ఛాతీ ఎత్తున కట్టేస్తాయి. క్రోటన్ గుబురుగా ఉంటుంది కదా, అందులో సన్నటి పుల్లలు, వేళ్ళు, సాలెగూళ్ళు తెచ్చి చిన్న గిన్నెలాగ అల్లుతాయి. అదేమో అమ్మకానికి పెట్టిన కుండీ! దానికేం తెలుసు పాపం, రేపు లారీ ఎక్కుతుందని.

అందుకని మా అత్త రోజూ పొద్దున్నే కుండీల మధ్య తిరిగేది. ఏ కుండీలో గూడు కనపడినా పాతచీర చించి పేలిక కట్టిన పుల్ల ఒకటి అందులో గుచ్చేది. పేలిక ఉన్న కుండీ ఎవరూ ముట్టుకోకూడదు. కొనేవాడు ఎంత బతిమాలినా ఇవ్వదు. "పిల్లలు ఎగిరిపోయేక రా అయ్యా, అప్పటిదాకా అది నాది కాదు" అనేది. చుట్టుపక్కల తోటలవాళ్ళు నవ్వేవారు. మా మావ కూడా విసుక్కునేవాడు. కానీ పేలిక మాత్రం ఎవరూ పీకలేదు.

గట్టిమనిషి అమ్మా మా అత్త. నవ్వడం తక్కువ, మాట ఇంకా తక్కువ. నేను కాపరానికి వెళ్ళేటప్పటికి మా అమ్మ పోయి ఏడాది. తల్లిలేని పిల్లవి, అత్తని తల్లిలా చూసుకో అని అందరూ చెప్పి పంపేరు. ఈవిడని చూస్తే తల్లి అనిపించేది కాదు, హెడ్‌మాస్టరు అనిపించేది. అంట్లు తోమినా మడి తవ్వినా ఒకటే మొహం.

ఆ మరుసటేడు నాకు కడుపు. పుట్టింట్లో చేసేవాళ్ళు లేరని అత్తారింట్లోనే పురుడు అన్నారు. తోట వైపు గది నాకిచ్చేరు. కిటికీ దగ్గర మంచం. నెలలు నిండేక నడవలేక ఆ మంచం మీద కూచుని తోట చూస్తూ ఉండేదాన్ని. అప్పుడు చూసేను, ఒక పిగిలిజంట సపోటా చెట్టుకి ఇవతల, క్రోటన్ల వరసలో, చివరి కుండీలో గూడు కడుతోంది. ముక్కున పుల్ల పట్టుకుని వచ్చి అటూ ఇటూ చూసి గబుక్కున దూరేది. లోపల కూచుని గుండ్రంగా తిరిగేది, ఛాతీతో నొక్కుకుంటూ. నేను ఇక్కడ పొట్ట పట్టుకుని దాన్ని చూస్తూ... మరి నాకూ అదే పని కదా అప్పుడు. చెప్పుకోడానికి ఎవరూ లేక దానితోనే చెప్పుకునేదాన్ని, "నీదీ నాదీ ఒకేసారిలా ఉందే" అని.

అది గూడు ఇంకా అల్లుతూండగానే నాకు పురిటినొప్పులొచ్చేయి. ఆడపిల్ల. ఏడవలేదమ్మా. మంత్రసాని తలకిందులు చేసి వీపు మీద కొట్టింది, నీళ్ళు చల్లింది. ఏడవలేదు.

నీకు తెలుసులే. నేను చెప్పక్కర్లేదు. నీకు ఆరో నెల్లో పోయింది, నాకు నెలలు నిండేక, అంతే తేడా. అది జరిగి నెల కూడా కాలేదు నీకింకా.

మా మావా మీ తాతయ్యా తీసుకెళ్ళేరు. ఎక్కడ పెట్టేరో నాకు చెప్పలేదు, అప్పట్లో ఆడవాళ్ళకి చెప్పేవారు కాదు. బారసాల అవలేదు, పేరు పెట్టలేదు, అలాంటి పిల్లకి కర్మ లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. చిన్నదానివి, ఇంకా పుడతారు. అప్పుడూ అదే మాట, ఇప్పుడూ అదే మాట, చూసేవా? దేశాలు దాటొచ్చేం, మాట మాత్రం మారలేదు. మీ తాతయ్య నా మొహం చూడలేక తోటలోనే పడుకునేవాడు. కార్తీక్ చూడు, నయం, నీ పక్కనే కూచుంటాడు, ఏం మాటాడాలో తెలీక ఆ లాప్‌టాప్ మూస్తాడు తీస్తాడు. పాపం వాడికీ పోయింది కదా. వాడి మీద విసుక్కోకు.

నేను మాట మానేసేను. కావాలని కాదు. నోట్లోంచి వచ్చేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. మా అత్త వచ్చి పురిటి మందు, కాయం పెట్టేది, వేణ్ణీళ్ళు పోసేది, పాలు చేపుకొచ్చిన రొమ్ములకి గుడ్డ బిగించి కట్టేది. ఒక్క మాట అనేది కాదు. అయ్యో అని కూడా అనలేదు. ఈ మనిషికి గుండె ఉందా అనుకునేదాన్ని.

ఇదిగో, ఆ రోజుల్లోనే ఆవిడ తోటలో తిరగలేదు. నా దగ్గరే ఉండిపోయింది కదా. పేలికలు కట్టేవాళ్ళు లేరు.

ఒకరోజు మధ్యాన్నం లారీ వచ్చింది. ఎవరో హైదరాబాదులో పెద్ద బంగళా కట్టుకున్నారట, క్రోటన్లన్నీ వాళ్ళకే. పనివాళ్ళు కుండీలు మోసుకెళ్ళి లారీలో వరసలు పేర్చేరు, మధ్యలో వరిగడ్డి దోపుతూ. నేను గోడవైపే తిరిగి ఉన్నాను. ఇంతలో ఆ అరుపు వినపడింది. పాము అరుపు అనుకున్నాను ముందు. కాదు. ఆగట్లేదు. లేచి కూచుని కిటికీలోంచి చూస్తే, ఆ జంట లారీ మీద తిరుగుతోంది. జుట్టు నిక్కపొడుచుకుని, రెక్కలు కొట్టుకుంటూ, కేబిన్ మీద వాలుతోంది, లేస్తోంది, మళ్ళీ వాలుతోంది. సపోటా కింద చూస్తే వరస ఖాళీ. నేల మీద కుండీలున్న చోట తడి మచ్చలు, గుండ్రంగా.

"అత్తా" అన్నాను. అన్నాళ్ళకి అదే నా మొదటి మాట. "అత్తా, గుడ్లు... లారీలో."

మా అత్త చేతిలో గిన్నె కింద పెట్టి పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తడం నేను చూడ్డం అదే. డ్రైవరు బండి స్టార్టు చేసేసేడు. ఈవిడ వెళ్ళి ఎదురుగా నిలబడిపోయింది. "లోడు దించండి" అంది. మా మావకి కోపం వచ్చింది, "మతిపోయిందా నీకు? రెండు పిట్టల కోసం ఇంత లోడూ దించుతావా? పొద్దోయేలోగా లారీ ఏటి రేవు దాటాలి" అని కేకలేసేడు. ఆవిడ వాదించలేదు. కొంగు దోపుకుని తనే లారీ ఎక్కి కుండీ ఎత్తి ఇవతల పెట్టింది. ఇంకోటి ఎత్తింది. అలా ఎత్తుతూంటే పనివాళ్ళు చూస్తూ ఊరుకోలేక వాళ్ళూ ఎక్కేరు. మా మావ కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి ఆయనా చెయ్యి వేసేడు. మంచివాడేలే, నోరే పెద్దది.

చివరి కుండీ కదా, అటునుంచే మొదలెట్టి దాన్ని ముందు ఎక్కించేసేరు, అట్టడుగున లోపలికి పోయింది. దొరికింది. గూట్లో మూడు గుడ్లు, లేత గులాబిరంగు మీద ఎర్రటి చుక్కలు. ఒకటి చిట్లింది. రెండు బావున్నాయి.

మరి ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? వరసంతా ఖాళీ. పిట్టకి కుండీ కాదు గుర్తు, చోటు గుర్తు. ఒక బారెడు అటయినా ఇటయినా అది రాకపోవచ్చు. పనివాళ్ళు ఒకడు ఇక్కడంటాడు, ఒకడు అక్కడంటాడు. మా అత్త ఆ కుండీ చంకనెత్తుకుని కిటికీ వైపు తిరిగి అరిచింది, "నువ్వు చూసేవు కదే కట్టడం! రా! వచ్చి చూపించు!"

పురిటిమంచం దిగకూడదు నేను. మైల. ఇరుగమ్మలు నోరు నొక్కుకున్నారు. గోడ పట్టుకుని, గుమ్మం దిగి, ఎండలోకి వచ్చేను. కళ్ళు చీకట్లు కమ్మేయి. వెళ్ళి వేలుపెట్టి చూపించేను, ఇదిగో ఈ మచ్చ. ఏ కొమ్మ ఎటు తిరిగి ఉండేదో కూడా చెప్పేను. ఆవిడ నేను చెప్పినట్టే తిప్పి పెట్టింది. చుట్టూ అమ్ముడవని కుండీలు నాలుగు సర్దింది, మరుగుకి. అప్పుడు పేలిక గుచ్చింది. నన్ను గుమ్మంలో పీట వేసి కూచోబెట్టి, "కాకిగానీ పిల్లిగానీ వస్తే అదిలించు. నాకు పనుంది" అని వెళ్ళిపోయింది.

కూచున్నాను. లారీ వెళ్ళిపోయింది. పిట్ట రాలేదు. కంచె మీద వాలుతుంది, చూస్తుంది, పోతుంది. గుడ్లు చల్లారిపోతాయేమోనని నా ప్రాణం ఎటు పోతోందో నాకే తెలీదు. దేవుడికి ఏం మొక్కలేదు నేను. అప్పటికి దేవుడంటే కోపంగా ఉంది. ఆ పిట్టనే అడిగేను, రావే, రావే తల్లీ, అని. పొద్దు వాలుతోంది. కంచె మీంచి సపోటా కొమ్మ మీదకి వచ్చింది. కొమ్మ మీంచి పక్క కుండీ అంచు మీదకి. తల ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆ తరవాత లోపలికి దూరి, కాస్త కదిలి, ఒళ్ళు పరుచుకుని కూచుంది.

అప్పుడు ఏడ్చేను. పిల్ల పోయిన దగ్గర్నుంచి ఏడవలేదు నేను. గుమ్మంలో కూచుని గొంతెత్తి ఏడ్చేను. లోపల మా అత్తకి వినపడింది. రాలేదు. ఏడవనిచ్చింది.

రోజూ అదే పని ఇక నాకు. పొద్దున్నే పీట వేసుకుని కూచోడం. పిల్లలు లేచేయి, రెండూ. ఈకలు లేవు, కళ్ళు లేవు, నోళ్ళే. జంటలో రెండూ తెచ్చి పెట్టేవి, ముందు మెత్తటి పురుగులు, తరవాత్తరవాత పళ్ళు. రెట్ట వేస్తే అది కూడా ముక్కున కరుచుకుని దూరంగా పారేసేవి. ఎంత శుభ్రమో! వాటిని చూస్తూ అన్నం తినేదాన్ని. తింటున్నానని నాకు తెలీకుండానే.

ఒకనాడు జెముడుకాకి వచ్చింది. ఎర్రకళ్ళు, ఎర్రరెక్కలు, పెద్దది. నేను చీపురు పట్టుకుని పరిగెత్తేను, కానీ అప్పటికే ఒకదాన్ని పట్టుకుపోయింది. జంట వెంటపడి అరిచేయి. నేనూ అరిచేను. మా అత్త వచ్చింది, నా పక్కన పీట మీద కూచుంది. ఇంకా ఒకటుంది కదా అని అంటుందేమో అనుకున్నాను. అనలేదు. కాసేపటికి చూస్తే పిట్ట పురుగు తెచ్చి మిగిలినదాని నోట్లో పెడుతోంది. నాకు దాని మీద అసహ్యం వేసింది. "చూడత్తా, అప్పుడే మర్చిపోయింది" అన్నాను.

"మర్చిపోలేదే. ఇదొకటి నోరు తెరుచుకుని ఉంది కదా, దీనికి పెట్టొద్దూ?" అంది.

అని లేవలేదు, అక్కడే కూచుంది. తోటవైపే చూస్తూ, నా వైపు తిరక్కుండా, "ఏం పేరనుకున్నావే?" అంది.

సాహితీ, ఎవరూ అడగలేదమ్మా ఆ మాట. అంతమంది వచ్చేరు, అన్ని మాటలు చెప్పేరు, ఆ పిల్లకి ఒక పేరు అనుకునే ఉంటాను కదా అని ఎవరికీ తోచలేదు. మీ తాతయ్యకి కూడా. సుజాత, అన్నాను. చెప్పడానికి ఎంతసేపు పట్టిందో. మా అత్త "సుజాత" అంది. బావుంది అనలేదు, బాలేదు అనలేదు. ఒకసారి అని, లేచి వెళ్ళిపోయింది.

ఆ మిగిలిన పిల్ల ఎగిరిందిలే. ఎగరడం కూడా రాదు వాటికి ముందు, తోకే ఉండదు, ఎరుపూ ఉండదు, కింద గెంతుకుంటూ తిరుగుతుంది, తల్లీతండ్రీ నేల మీదే తిండి పెడతాయి. తరవాత ఎప్పుడో పోయింది. నేను చూళ్ళేదు పోవడం.

పేలిక తీసేసేది కదా మా అత్త, పిల్లలు పోయేక? ఆ కుండీకి తియ్యలేదు. అమ్మలేదు. నేను పేరు చెప్పిన మర్నాడు పొద్దున్న గదిలో ఉండగా వినపడింది. పనివాళ్ళకి చెబుతోంది, "సుజాత కుండీకి నీళ్ళు పోసేరా?" అని. మామూలుగా, ఉప్పు పప్పు సంగతి చెప్పినట్టు. అప్పట్నుంచీ అది సుజాత కుండీయే. కొమ్మలు కోసి అంటు కట్టేటప్పుడు కూడా, సుజాత దగ్గర రెండు కొమ్మలు తెండర్రా, అనేవారు. కొత్తగా వచ్చిన పనివాళ్ళకి ఎందుకంటారో తెలీదు. అనేవారు. మీ అమ్మ పుట్టింది, మీ మావయ్యలు పుట్టేరు, వాళ్ళు ఆ కుండీ పక్కనే ఆడుకున్నారు. నా కూతురి పేరు ఆ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు పిలిచేవారు. మా అత్త పోయేదాకా. ఆ తరవాత నేను.

మీ అమ్మ దగ్గరున్న క్రోటన్ ఆ క్రోటన్ కాదులే. కొట్లో కొన్నది. అయినా దానికి నీళ్ళు పోసేటప్పుడు సుజాత అని అంటూనే ఉంటాను.

సాహితీ. ఒక్క మాట అడగనా? చెప్పాలనిపిస్తేనే చెప్పు. నువ్వూ కార్తీకూ ఏం పేరనుకున్నారమ్మా?

ఆఁ. ఇటు రా, ఈ చెవి దగ్గర చెప్పు.

మీరా.

మీరా. ఏడు తల్లీ, ఏడు. నేనెక్కడికీ పోను. మీరా. ఇవ్వాళ కార్తీక్ వచ్చేక వాడి దగ్గర కూడా నేను ఆ పేరు అంటాను, వాడు బెదిరిపోతే పోనీ. ఇంట్లో వినపడాలి.

రేపట్నించి నేను కాదు, నువ్వు చూద్దువుగాని ఆ రాబిన్‌ని. ముందుగది కిటికీ దగ్గర కుర్చీ వేస్తాను. ఈ ఊళ్ళో జెముడుకాకి లేదుగానీ ఎదురింటివాళ్ళ పిల్లి ఉంది, దాని వాలకం నాకు నచ్చలేదు. అద్దం మీద కొడితే చాలు, పోతుంది. చల్లగా ఉండాలమ్మా నువ్వు. మీరా వాళ్ళమ్మవి, చల్లగా నూరేళ్ళుండాలి. కాఫీ చల్లారిపోయింది చూసేవా, ఇలా ఇయ్యి...